ఎవరూ వేయని మొక్క ఎవరిది?

నిరుడు కార్తీకమాసంలో మా అపార్టుమెంటు గేటు దగ్గర ఒక స్త్రీ సంచిని వాచ్‌మన్ వెతికాడు. అందులో దొరికినవి ఇవి: రెండు పిడికిళ్ళ తోటకూర, కాస్త బచ్చలి, ఆరు చిన్న టమాటాలు. ఆమె మా బ్లాకులో నాలుగిళ్ళలో గిన్నెలు తోముతుంది, బట్టలు ఉతుకుతుంది. ఆ నాలుగింటిలో మాదొకటి. ఆ కూర మాత్రం ఎవరింట్లోదీ కాదు. ప్రహరీగోడకూ పంపు గదికీ మధ్యనున్న ఆరడుగుల జాగాలో దానంతటదే మొలిచింది. దాన్ని ఎవరూ విత్తలేదు. ఆమె తప్ప ఎవరూ నీళ్ళూ పోయలేదు.

ఆ సాయంత్రం అసోసియేషన్ పెద్దలు "దొంగతనం" అన్న మాట వాడారు. అంతకు పదిరోజుల ముందే ఒక తీర్మానం ఇంటింటికీ తిరిగింది. పంపు గది వెనక "పిచ్చి మొక్కల"ను మందు కొట్టి శుభ్రం చేయించాలనీ, పనివాళ్ళు ఆవరణలోంచి ఏ వస్తువూ బయటికి తీసుకుపోరాదనీ అందులో ఉంది. దానిమీద సంతకం చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. చదవకుండానే చేశాను. ఇరవై ఏళ్ళుగా స్త్రీల శ్రమ గురించి పరిశోధన చేస్తున్నదాన్ని, సెమినార్లలో పత్రాలు చదివినదాన్ని, నా గుమ్మంలోకి వచ్చిన కాగితాన్ని చదవలేదు. ఈ వ్యాసం రాయడానికి మొదటి కారణం ఆ సంతకం.

ఆమెకు నాకన్నా పదేళ్ళు ఎక్కువ. నేను అక్కా అంటాను. ఆమె నన్ను అమ్మా అంటుంది. ఈ వరసల్లోని అసమానత గురించి ఎన్నోసార్లు అనుకున్నాను గానీ మార్చలేకపోయాను. ఆమెది జహీరాబాద్ దగ్గర పల్లె. వానాకాలం చివర్లో ఆ జాగాను నేనే ఒకసారి బాగుచేయించబోతే ఆమె అడ్డం వచ్చింది. "గవి పీకియ్యకు అమ్మా. చలికాలమంత కూర అయితది. మనం ఏసినమా, అదే మొలిచింది. మొలిచినదాన్ని చంపుడెందుకు?" అంది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఆ మాటలో ఎంత తెలివిడి ఉందో తర్వాత అర్థమయింది.

ఆ జాగాలో ఏం మొలిచాయో చెబుతాను. వంటింటి చెత్తలో పడిన మెత్తబడ్డ టమాటాల గింజల నుంచి టమాటా మొక్కలు, నిరుడు ఎండిపోయిన తోటకూర కంకుల నుంచి రాలిన సన్నగింజల తోటకూర, గోడమీది నుంచి పడిన బచ్చలి పళ్ళ నుంచి బచ్చలి, ఎవరో పారేసిన గుమ్మడి పేగుల నుంచి ఒక గుమ్మడి తీగ. గంగవాయిలి కూర సరేసరి, ఇటుకల సందుల్లోంచి కూడా వచ్చింది. వానలకు మొలిచిన ఇవన్నీ ఆశ్వయుజం నాటికి నిలదొక్కుకున్నాయి. మన దక్కను చలి మొక్కను చంపే చలి కాదు. హైదరాబాదులో రాత్రిళ్ళు పన్నెండు, పదిహేను డిగ్రీలకు దిగినా మంచు గడ్డకట్టదు. టమాటాకు నిజానికి ఇదే అనువైన కాలం. ఎండలు ముప్పైయ్యైదు డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. సెప్టెంబరులో మొలిచిన మొక్కను వదిలేస్తే నవంబరుకు పూతకొస్తుంది, సంక్రాంతి దాటినా కాస్తుంది. అంటే ఆ మొక్కను మనం దసరా ముందు "శుభ్రం" పేరుతో పీకేస్తే, సరిగ్గా కాపుకొచ్చే కాలానికి ముందు పీకేస్తున్నామన్న మాట.

అట్లాగని మొలిచిందల్లా ఉంచమని అక్క ఎప్పుడూ చెప్పలేదు. గుంపుగా మొలిచినచోట బలమైన ఒకటి రెండు ఉంచి, తక్కినవాటిని నాలుగైదాకులు వేశాక సాయంత్రంపూట తీసి ఎడంగా నాటింది. ఆకు ముడుచుకుపోయిన టమాటా మొక్కను కనబడిన రోజే పీకేసింది. ఆ ముడతను తెల్లదోమ పక్క మొక్కలకు అంటిస్తుందని ఏ పుస్తకమూ చదవకుండానే ఆమెకు తెలుసు. సబ్బునీళ్ళు పారేచోట మొలిచినదాన్ని తినొద్దంది. ఉమ్మెత్త మొలకను ఏ వయసులో చూపించినా గుర్తుపడుతుంది. దానంతటదే మొలిచిన సొర, బీర, గుమ్మడి కాయలను కోసి చిన్నముక్క నాలుకకు తగిలించి చూడమంటుంది. చేదుగా ఉంటే ఎంత పెద్దకాయయినా పారేయాల్సిందే. ఆ జాతి తీగలు ఒకదాని పుప్పొడి ఒకటి తీసుకుంటాయి, ఆ కలయికల్లో ఒక్కోసారి విషపు చేదు తిరిగొస్తుంది. సంకర టమాటా గింజనుంచి తల్లిలాంటి పిల్ల రాదనీ, ఒకటి గోలీకాయంత, ఒకటి పిడికిలంత కాస్తుందనీ కూడా ఆమె చూసి తెలుసుకున్నదే. ఇది విత్తన శాస్త్రం. దీనికి డిగ్రీ లేదు కాబట్టి దీన్ని మనం "అలవాటు" అంటాం.

ఈ అలవాటు ఒక్క అక్కది కాదు. మా అమ్మ పెరట్లో గిన్నెలు తోమే బండ పక్కన బచ్చలిపాదు ఎవరూ వేసింది కాదు. అమ్మ దాన్ని పీకనివ్వలేదు, అంతే. వేయడం పనిగా లెక్కకొస్తుంది. పీకకుండా ఉండడం, ఏది పీకాలో ఏది వదలాలో రోజూ చూసి నిర్ణయించడం పనిగా లెక్కకు రాదు. తెలంగాణ మెట్టచేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తూ వస్తున్నది ఈ నిర్ణయమే. చెంచలి కూర, తుమ్మి కూర, గునుగు లేతాకు, పొన్నగంటి, గలిజేరు, పాయలు ఏవీ సాగుచేసినవి కావు. జొన్న, కంది సాళ్ళ మధ్య మొలుస్తాయి. కలుపుగా పీకినవాటిలో నుంచే కూరగా ఒడినిండా తెచ్చుకుంటారు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు ఈ సాగుచేయని ఆకుకూరల పేర్లను, వంటలను, వాటి వెనకున్న జ్ఞానాన్ని బయటి ప్రపంచానికి చెప్పారు. వాళ్ళలో చాలామంది దళిత స్త్రీలు, కొద్దిపాటి మెట్టభూమి ఉన్నవాళ్ళు. వాళ్ళు చెబుతున్నది తమ తిండిలో ఒక భాగం గురించి, దానిమీద తమకున్న అధికారం గురించి.

పరిగె అన్న మాట మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోతలయ్యాక చేలో రాలిన కంకులను ఏరుకోవడం. చేనెవరిదైనా పరిగె పేదవాళ్ళది, అందులోనూ ఆడవాళ్ళది, పిల్లలది. కలుపు తీసిన చేలో కూర కోసుకోవడమూ అట్లాంటిదే. ఇవి కాగితంమీద రాసిన హక్కులు కావు. రాయలేదు కాబట్టే పోయినప్పుడు పోయాయని కూడా ఎవరూ రాయలేదు. దీన్ని నేను స్వర్ణయుగంగా చూపించదలచుకోలేదు. ఆ ఆనవాయితీ వెనక దొరతనం ఉంది, కులం ఉంది, కూలి తక్కువిచ్చి కూరతో సరిపెట్టడమూ ఉంది. కానీ ఆ కూరను కూడా తీసేసి, కూలిని మాత్రం పెంచకపోతే దాన్ని అభివృద్ధి అనలేం.

ఇక లెక్కల సంగతి. జాతీయ నమూనా సర్వేలో ప్రతి మనిషి చేసే పనికీ ఒక సంకేత సంఖ్య ఉంటుంది. ఇంటిపని మాత్రమే చేసేవాళ్ళకు 92. ఇంటిపనితో పాటు కూరలు, దుంపలు, కట్టెలు, పశువుల మేత లాంటివి ఉచితంగా సేకరించేవాళ్ళకు, ఇంటి అవసరానికి కుట్టుపని, నేత వంటివి చేసేవాళ్ళకు 93. ఈ రెండు సంఖ్యలూ "శ్రామిక శక్తికి వెలుపల" అన్న గడిలో పడతాయి. అంటే చెంచలి కూర తెంపి నలుగురి కడుపు నింపిన స్త్రీ, ప్రభుత్వ లెక్కల్లో పనిచేయనిది. అదే కూరను కట్టకట్టి బజార్లో అమ్మితే పనిచేసేదవుతుంది. ఇంట్లో వండితే కాకుండా పోతుంది. 1993లో సవరించిన ఐక్యరాజ్యసమితి జాతీయ లెక్కల విధానం, ఇంటి వాడకం కోసం చేసే వస్తువుల ఉత్పత్తి కూడా ఉత్పత్తేనని ఒప్పుకుంది. స్త్రీల శ్రమ ఏ గడిలోంచి జారిపోతోందో మెర్లిన్ వారింగ్ 1988లోనే పుస్తకం రాసి చూపించింది. మన దేశంలో ఎలాభట్ అధ్యక్షతన వేసిన కమిషన్ అదే ఏడాది "శ్రమశక్తి" నివేదికలో అసంఘటిత రంగంలోని స్త్రీల శ్రమ ఎట్లా అదృశ్యమవుతోందో చెప్పింది. తర్వాత మూడు దశాబ్దాలు దాటాక, 2019 కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నారనీ, అట్లాంటి పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు గడుపుతున్నారనీ తేలింది. ఆ పనిచేసే మగవాళ్ళే నూటికి ఇరవయ్యారుమంది. నిమిషాలయితే లెక్కపెట్టారు. తక్కిన లెక్క ఇంకా మిగిలే ఉంది.

లెక్కకు రానిదాన్ని నాశనం చేయడం తేలిక. దానివల్ల ఎవరి లెక్కలోనూ నష్టం కనిపించదు. కలుపు మందుల విషయంలో జరిగింది ఇదే. గ్లైఫోసేట్‌ను తట్టుకునే పత్తి విత్తనం ఏ అనుమతీ లేకుండానే తెలుగు రాష్ట్రాల చేలల్లోకి వచ్చింది. ఆ మందు కొడితే పత్తి తప్ప చేలో పచ్చగా ఉన్నదంతా మాడిపోతుంది. చెంచలి, తుమ్మి, గంగవాయిలి కూడా అందులోనే పోతాయి. బతుకమ్మకు కావలసిన గునుగు పువ్వును పట్నంలో మేము కట్టల లెక్కన కొనుక్కుంటున్నాం. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం, శిక్షణ పొందిన పురుగుల నివారణ సిబ్బంది ద్వారా తప్ప గ్లైఫోసేట్ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు మనుషుల, పశువుల ఆరోగ్యం దృష్టితో వచ్చింది. కలుపు కూలి పోయిన స్త్రీల ఊసు అందులో లేదు, పోయిన కూర ఊసూ లేదు.

ఇక్కడ ఒక ప్రశ్నను దాటేయకూడదు. కలుపు తీత నడుములు విరిగే పని. తక్కువ కూలికి దాన్ని ఆడవాళ్ళ చేత చేయించారు, ఆడవాళ్ళ పనని పేరుపెట్టి మరీ చేయించారు. మందు వచ్చాక నడుంనొప్పి తగ్గిందని నాతో చెప్పిన స్త్రీలున్నారు. వాళ్ళ మాట తోసిపుచ్చే హక్కు, కుర్చీలో కూచుని రాసే నాకు లేదు. కానీ ఆ స్త్రీలే మరో మాట కూడా చెప్పారు. నొప్పితో పాటు కూలి పోయింది, కూలితో పాటు కూర పోయింది, ఇప్పుడు కూర కొనడానికి డబ్బులు కావాలి, ఆ డబ్బులకు కూలి లేదు. శ్రమ తగ్గించే సాధనం ఏదైనా స్త్రీకి మేలు చేసిందా లేదా అని తేల్చడానికి ఒకటే కొలబద్ద ఉంది. శ్రమ తగ్గాక ఆమె చేతిలో ఏం మిగిలిందో చూడాలి.

మిత్రులు కొందరు ఇంకో అభ్యంతరం చెప్పారు. "వంటింటి నుంచి బయటికి రమ్మని ఇన్నేళ్ళు చెప్పి, ఇప్పుడు పెరట్లో కూర పెంచుకోమంటావా?" అని. న్యాయమైన ప్రశ్నే. నేను పెంచుకోమనడం లేదు. పెరటి పని ఆడవాళ్ళకు సహజమని గానీ, స్త్రీకీ ప్రకృతికీ ఏదో మార్మికమైన చుట్టరికం ఉందని గానీ నేను నమ్మను. మా ఇంట్లో ఆ జాగాకు నీళ్ళు పోసే పని ఈ ఏడు నా భర్తది. మొదటి వారం మరిచిపోయాడు. రెండోవారం నుంచి గుర్తుంటోంది. బియ్యం కడిగిన నీళ్ళు బకెట్‌లో పట్టి తీసుకెళ్ళడానికి ఏ స్త్రీత్వమూ అక్కర్లేదు. నేను అడుగుతున్నది వేరే సంగతి. తిండి ఉత్పత్తిలో ఒక భాగం తెలిసిన మనిషికి, ఆ తెలివిడి మీదా దాని ఫలితం మీదా హక్కుందా లేదా?

చట్టం ఏమంటుందో చూద్దాం. పాత శిక్షాస్మృతి 378వ సెక్షన్‌లో ఒక వివరణ ఉండేది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్‌లోనూ ఆ వివరణ కొనసాగింది. నేలకు అంటుకుని ఉన్నంతసేపు ఒక వస్తువు దొంగతనానికి సంబంధించింది కాదు, నేలనుంచి వేరుచేసిన క్షణం నుంచి అవుతుంది. అంటే ఆ టమాటా మొక్కకు ఉన్నప్పుడు పిచ్చి మొక్క, మందు కొట్టి చంపదగ్గది. అక్క కోసి సంచిలో వేసుకోగానే అసోసియేషన్ ఆస్తి. మందు కొట్టమన్న వాళ్ళే దొంగతనమన్నారు. మనం విలువ లేదనుకున్నదానికి, ఒక పేదస్త్రీ చెయ్యి తగలగానే విలువ వచ్చింది. మన ఆస్తి భావన గురించి ఇంతకన్నా పెద్ద పాఠం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు.

అదే చట్టాల పుస్తకాల్లో ఇంకో మాటా ఉంది. 2001లో చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్, రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, తిరిగి విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు అని చెబుతుంది. ఎన్నో ప్రజాసంఘాల పోరాటం వెనక వచ్చిన హక్కది. కానీ ఆ చట్టం "రైతు" అన్నప్పుడు మన కళ్ళముందు ఎవరు మెదులుతారు? పాసుపుస్తకం ఉన్న మగమనిషి. గింజ దాచిన స్త్రీకి భూమి లేకపోతే, కూలి మనిషైతే, పట్నంలో గిన్నెలు తోముతుంటే ఆ హక్కు ఆమెదాకా రాదు. హిందూ వారసత్వ చట్టాన్ని 1986లో ఆంధ్రప్రదేశ్ సవరించింది, 2005లో కేంద్రం సవరించింది. కూతుళ్ళకు సమాన వాటా వచ్చింది. వాటా పంచుకోవడానికి తండ్రికే భూమి లేని కూతుళ్ళ సంగతి ఇంకా ఎవరూ మాట్లాడటం లేదు. అక్క అట్లాంటి కూతురే.

గేటు దగ్గరి సంఘటన తర్వాత అక్క రెండిళ్ళలో పని మానేసింది. మాన్పించారనడమే నిజం. నెలకు ఐదువేల రూపాయలు పోయాయి. "ఆరు టమాటాలకు ఐదువేలు" అంది నాతో. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అంది. నేను క్షమించమని అడిగాను. "నువ్వేం చేసినవమ్మా?" అంది. ఆ సంతకం గురించి ఆమెకు తెలియదు. చెప్పాను. కాసేపు ఊరుకుని, "చదువుకున్నోళ్ళు చదవకుంట సంతకం పెడ్తరా?" అని అడిగింది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

తర్వాతి సమావేశంలో మూడు విషయాలు పెట్టాను. శివరాత్రి వెళ్ళేదాకా ఆ జాగాలో మందు కొట్టవద్దు, ఏమీ పీకవద్దు. అక్కడ కాసింది, దాన్ని చూసుకునేవాళ్ళు ఎవరైనా కోసుకోవచ్చని రాతపూర్వకంగా ఉండాలి. పనికి వచ్చే స్త్రీల సంచులు వెతకడం ఆపాలి. మొదటిదానికి ఒప్పుకున్నారు. ఎందుకొప్పుకున్నారో దాచడం ఎందుకు, మందు కొట్టించే ఖర్చు మిగులుతుందని ఒప్పుకున్నారు. రెండోది "చూద్దాం" అన్నారు. మూడోది వీగిపోయింది. చేతులెత్తి వ్యతిరేకించినవాళ్ళలో సగంమంది స్త్రీలే. "మన భద్రత కోసమే కదా" అన్నారు. "మన" అన్న మాటలో సంచి మోసే స్త్రీ ఎందుకు లేదని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు.

స్త్రీలమంతా ఒకటే అని మనం చెప్పుకుంటాం. ఆ సమావేశం గదిలో మేమంతా ఒకటి కాదని ఆరు టమాటాలు తేల్చాయి. గిన్నెలు తోమే స్త్రీకీ, తోమించుకునే స్త్రీకీ మధ్య ఉన్న గేటు గురించి మన పత్రికల్లో ఇంకా చాలా రాయాలి. రాసేముందు, మన ఇళ్ళకు వచ్చే కాగితాలు చదవాలి. పాఠకుల్లో అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళు మీ అసోసియేషన్ తీర్మానాలు ఒకసారి తిరగేయండి. సంచులు వెతికే నిబంధన మీదాంట్లోనూ ఉండవచ్చు. దానిమీద మీ సంతకమూ ఉండవచ్చు.

ఆ జాగాలో మొక్కలు శివరాత్రిదాకా నిలిచాయి. జనవరిలో టమాటా తెగ కాసింది. గుమ్మడితీగ ప్రహరీ ఎక్కి అవతలికి దిగింది, అవతల ఎవరు కోసుకున్నారో తెలియదు, తెలుసుకోవాలని నాకు లేదు. అక్క తన కూర కోసుకుని నాకూ ఇచ్చేది. గేటు దగ్గర సంచి తెరిచి చూపించి మరీ బయటికి వెళ్ళేది. అట్లా చూపించాల్సి వచ్చినన్నాళ్ళు ఈ విషయం ముగియలేదు. మాఘం చివర తోటకూర కంకులు ఎండాయి. కొన్ని కోసి పాతబట్టలో మూటకట్టింది. కొన్నింటిని కొయ్యకుండా వదిలేసింది. "గవి గట్లనే రాలనియ్యి" అంది.